అలసటకు దగ్గరి పదం

మానవ శరీరంలో అలసట అనేది లేదని ఆరోగ్య శాఖ ఈ ఏడాది అధికారికంగా తేల్చింది. (ఇంతకుముందు ఉండేది. అప్పుడు శాఖకు యాప్ లేదు.)

ఈ సంగతి మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మకు కాస్త ఆలస్యంగా తెలిసింది. ఆమె రోజుకు నూట నలభై మందిని చూస్తుంది. ఒక్కొక్కరికి రెండున్నర నిమిషాలు. అందులో రెండు నిమిషాలు కంప్యూటర్‌కి, మిగిలిన ముప్పై సెకన్లు రోగికి. ఎడమ చేత్తో నాడి పట్టుకుని కుడి చేత్తో టైపు చేస్తుంది. మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి, నా ముప్పై సెకన్లలోనే తీరిక చేసుకుని "భోజనం చేశారా?" అని కూడా అడుగుతుంది. ఆ ప్రశ్నకు యాప్‌లో గడి లేదు.

పోయిన వారం ఆమె నా ఛాతీకి బదులు ఒళ్లోని గొడుగు మీద స్టెతస్కోపు పెట్టి, "గట్టిగా ఊపిరి పీల్చండి" అంది. గొడుగు పరిస్థితి నిలకడగా ఉందని రాసింది కూడా.

నర్సు చూసింది. "డాక్టరమ్మా, మూడు రోజులు సెలవు పెట్టి పడుకోండి. ఇవాళ గొడుగు కాబట్టి సరిపోయింది."

"పెడితే వీళ్లనెవరు చూస్తారు?"

"ఇప్పుడు మాత్రం చూస్తున్నారా ఏంటి?"

డాక్టరమ్మ యాప్ తెరిచింది. సెలవుకు కారణం అన్న చోట "అలస" అని కొట్టేసరికి మిగతాది యాప్ తనే పూరించింది: అలసత్వం. (జాబితాలో అలసటకు అన్నిటికన్నా దగ్గరి పదం అదే.) నిద్రకళ్లతో ఆమె "సమర్పించు" నొక్కేసింది.

మర్నాడు పదింటికల్లా అలసత్వ నివారణ విభాగం ఉప సంచాలకుడు ఫోన్ చేశాడు. చేతులు ఖాళీ లేక ఆమె స్పీకర్ పెట్టింది. వరసలో ఉన్న మేమంతా విన్నాం.

"విధుల్లో అలసత్వం ఉందని మీరే ఒప్పుకున్నారు కదా, మేడమ్."

"అలసత్వం కాదండీ, అలసట."

"మా దగ్గర రెండింటికీ కోడ్ ఒకటే."

"నాకు నిద్ర లేదు సార్."

"నిద్ర లేదంటే మెలకువగా ఉన్నట్టే కదా. ఇక ఇబ్బందేముంది?"

వరసలో ముందున్న ముసలమ్మ తల పంకించింది. "ఎవరి బిడ్డో గానీ, బాగానే చదువుకున్నాడు."

విచారణ చకచకా ముగిసింది. మూడు రోజుల సస్పెన్షన్. మేమంతా ఒకరినొకరం అభినందించుకున్నాం. నర్సు లోపలి గదిలో దుప్పటి దులిపి పరిచింది. అయితే ఉత్తర్వులో రెండో పేరా కూడా ఉంది: బదులు డాక్టరు ఎవరూ లేనందున, సదరు సస్పెన్షన్ కాలాన్ని డాక్టరు విధుల్లో ఉంటూనే అనుభవించవలెను.

ఆమె అనుభవించసాగింది. మొదటి రోజు నూట నలభై ఆరుగురం వచ్చాం. డెబ్బయ్యో టోకెన్ అయ్యాక డాక్టరమ్మ తల మెల్లగా బల్ల మీదికి వాలింది.

ముసలమ్మ గుమ్మంలోంచి వెనక్కి తిరిగి, పెదవుల మీద వేలు పెట్టింది. "ఎవరూ దగ్గకండి. పిల్ల పడుకుంది."

డెబ్బై ఆరు గొంతులు ఆగాయి. ఆయాసం తాత మొహం వంకాయ రంగుకు తిరిగింది, అయినా మనిషి చలించలేదు. తల్లి చంకలో పసివాడు ఏడవబోయి, చుట్టూ ఉన్న మొహాలు చూసి వాయిదా వేసుకున్నాడు. నేను ఒక తుమ్మును పూర్తిగా మింగాను. (అది సాధ్యమేనని వైద్య శాస్త్రానికి సవినయంగా తెలియజేస్తున్నాను.) ఇంత మంది ఒక్క మనిషికి వైద్యం చేయడం నేనెప్పుడూ చూడలేదు.

నాలుగో నిమిషం దాటగానే కంప్యూటర్ గంట మోగించింది: "రోగి నమోదు లేదు. రోగి నమోదు లేదు."

ఆమె ఉలిక్కిపడి లేచి, "తర్వాతెవరు?" అంది. అందరం ఒకేసారి దగ్గుతున్నాం.

సాయంత్రానికి శాఖ నుంచి సందేశం వచ్చింది. డాక్టరు కోరిన మూడు రోజుల సెలవును దయతో మంజూరు చేశారు. అందులో నాలుగు నిమిషాలు వాడుకున్నట్టు నమోదైంది. తక్కినది, వాడుకోనందున, రద్దయింది.