మూడో పాయింటు దగ్గర ఒక్క దెబ్బ

ఆ ఆదివారం పొద్దున ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికి సుత్తి పట్టాలి, పదికల్లా దోషిని తేల్చాలి, ఆ తర్వాత హాయిగా పడుకోవాలి. దోషి అంటే మనిషి కాదు. వారం రోజులుగా పొద్దున్నే ఇల్లంతా పట్టుకుని ఊపేస్తున్న ఒక మోత. నీళ్ల మోటారు వేసే వేళకే ఆయన భార్య బట్టలుతికే మిషనూ వేస్తుంది కాబట్టి, కింద ఉండే ఇంటాయన ఏ విచారణా లేకుండా తీర్పు చెప్పేశాడు.

"మీ మిషనేనండీ. సాయంత్రంలోగా మోత ఆగాలి. లేదంటే నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసెయ్యండి."

ఐదేళ్లలో అది నాలుగో ఇల్లు. ఆవిడ పాఠాలు చెప్పే బడి నాలుగడుగుల దూరం. "ఈసారి సామాన్లు సర్దాల్సొస్తే మిమ్మల్ని కూడా అట్టపెట్టెలో పెట్టి టేపు వేసేస్తాను" అని ఆవిడ ముందే చెప్పింది.

ఆయన ఉద్యోగం యంత్రాల కంపనాలు కొలవడం. ప్రతి వస్తువుకీ ఒక సొంత స్వరం ఉంటుందని, సుత్తితో తడితే అది బయటపడుతుందని, పక్కన ఏదైనా సరిగ్గా అదే వేగంతో ఊగితే ఆ వస్తువుకి పూనకం వస్తుందని పెళ్లయిన మూడో రోజే భార్యకి వివరించిన మనిషి. మోత సెకనుకి ఇరవై నాలుగు ఊపులు అని నిన్ననే కొలిచాడు. ఇరవై నాలుగు దగ్గర ఎవరు పలికితే వారే దొంగ.

"మోగేటప్పుడు గోడకి చెవి పెట్టి వింటే తెలీదా?" అంది భార్య.

"చెవి సాక్ష్యం చెల్లదు."

ఫ్యాక్టరీలో బతిమాలి తెచ్చిన చిన్న సుత్తి ఆవిడ చేతికిచ్చాడు. మిషను మీద మైనంతో కంపనాన్ని పట్టే సెన్సరు అంటించాడు. ఫ్యాను ఆపించాడు, ఫ్రిజ్ ఆపించాడు, ఆవిడ గాజులు తీయించాడు. తాను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తెరకి కళ్లప్పగించాడు.

"ఒక్కసారే తట్టాలి. సుత్తి ఎగిరి రెండోసారి తగిలితే లెక్క చెడుతుంది. ఎవరూ మాట్లాడకూడదు."

"ఉన్నది ఇద్దరమే కదండీ."

"ఆ ఇద్దరమూ."

మిషను పదకొండు దగ్గర పలికింది. నిర్దోషి. బీరువా ముప్పై ఒకటి. అదీ నిర్దోషే. ఇక మిగిలింది గోడ. సెన్సరుని దానికి మార్చి, సుద్దముక్కతో గోడ మీద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేసి పక్కన ఇంటూ గుర్తులు పెట్టాడు. టక్. టక్. టక్.

ఆ టక్కులకి ఇంటాయన పైకి వచ్చాడు. సుత్తి చూశాడు, అంకెలు చూశాడు, మొహం ఎర్రబడింది. "ఏంటండీ ఇది? నా గోడకి కిటికీ పెడుతున్నారా?"

"లేదండీ, గోడ ఏం చెబుతుందో వింటున్నారు" అంది భార్య సర్దిచెప్పబోతూ. దాంతో ఉన్న కాస్త నమ్మకమూ పోయింది.

ఇంటాయన గబగబా దిగి వెళ్లాడు. పెరట్లో మెట్లు బాగుచేస్తున్న మేస్త్రి ఆ ఇల్లు కట్టినవాడే. పన్నెండేళ్ల కిందట ఇల్లు కట్టేటప్పుడు ఇంటాయన ఎడమకాలి చెప్పు మాయమైంది. అది మేస్త్రే కొట్టేశాడని ఇంటాయన ఇప్పటికీ కనిపించిన ప్రతివాడికీ చెబుతాడు. "ఒంటి చెప్పుతో నేనేం చేసుకుంటానండీ?" అని మేస్త్రి కూడా పన్నెండేళ్లుగా అడుగుతూనే ఉన్నాడు.

"చెప్పు దొంగవే అయినా ఈ గోడల సంగతి తెలిసినవాడివి నువ్వే. పైకెళ్లి వాళ్లేం పగలగొడుతున్నారో చూడు" అన్నాడు ఇంటాయన.

పైన మూడో పాయింటు దగ్గర తట్టినప్పుడల్లా తెర మీది గీత వంకర్లు పోతోంది. దెబ్బ చాలడం లేదు. అంతలో వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చి భార్య సుత్తి బల్ల మీద పెట్టి పరిగెత్తింది. తెరలో తల దూర్చిన ఆయనకి ఆ సంగతి తెలియలేదు. తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది. ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ష్" అన్నాడాయన వేలెత్తి, వెనక్కి తిరగకుండానే. "మాటల్లేవు. మూడో దగ్గర కొట్టు. మొహమాటపడకు. ఒక్కటే దెబ్బ."

మేస్త్రి గోడ మీద అంకె చూశాడు. తన చేతిలోని మెట్లు పగలగొట్టే పెద్ద సుత్తి చూసుకున్నాడు. ఇంటివాళ్లు అడిగాక మనదేం పోయిందనుకుని ఒక్కటే కొట్టాడు.

తెర మీద ఇరవై నాలుగు దగ్గర గీత నిటారుగా లేచి నిలబడింది. "శభాష్! దొరికాడు!" అని ఎగిరి గంతేసి వెనక్కి తిరిగేసరికి గోడకి గుమ్మడికాయంత కన్నం. దాని పక్కన మేస్త్రి, గుమ్మంలో ఇంటాయన, వంటింటి ముందు గరిటెతో భార్య.

"నా ఇల్లు" అన్నాడు ఇంటాయన నీరసంగా. "ఇవాళే ఖాళీ చెయ్యండి."

భార్య మొగుడి వైపు చూసిన చూపులో అట్టపెట్టె స్పష్టంగా కనిపించింది.

ఆ మాటలేవీ పట్టించుకోకుండా మేస్త్రి కన్నంలోకి చెయ్యి పెట్టాడు. లోపల మోటారు నుంచి పైన ట్యాంకుకి వెళ్లే పైపు, ఏ ఆధారమూ లేకుండా వదులుగా ఊగుతోంది. దానికీ గోడకీ మధ్య ఏదో చివికిపోయి, ఈమధ్యే జారిపడినట్టుంది. బయటికి లాగి దుమ్ము దులిపాడు.

ఎడమకాలి చెప్పు.

"పైపుని బిగించే క్లాంపు తెచ్చేదాకా అది కదలకుండా ఏదో అడ్డం పెట్టానని మీరే అన్నారు కదండీ ఆరోజు" అన్నాడు మేస్త్రి నింపాదిగా. "నేను చూడకుండా పూత పూసేశాను. బిడ్డని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మీ వరస. పన్నెండేళ్లు దొంగనన్నారు."

ఇంటాయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. భార్య వచ్చి తెర మీది ఇరవై నాలుగు వంక చూసి, మొగుడి భుజం తట్టి, "ఇంకెప్పుడూ మీ సుత్తిని ఏమీ అననండీ" అంది. ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మేస్త్రి ఛాతీ అంతకన్నా ఎక్కువే పెరిగింది.

సాయంత్రానికి పైపుకి ఇనుప క్లాంపు పడింది, గోడ పూడింది, ఖాళీ చెయ్యమన్న మాట మళ్లీ వినిపించలేదు. మర్నాడు పొద్దున మోటారూ, బట్టల మిషనూ కలిసి తిరిగినా ఇంట్లో గ్లాసు కూడా కదల్లేదు.

పన్నెండేళ్లుగా సాక్ష్యంగా దాచిన కుడికాలి చెప్పుని ఇంటాయన సరిగ్గా అదే వేళకి చెత్తబుట్టలో వేశాడు, చప్పుడు కాకుండా.