ఏడు గంటల జీపుపాట కోసం ఆలూరు మిద్దెమీద జరిగిన మహాయుద్ధం

ఏమప్పా, చెవుల్లో తెల్లపుల్లలు గుచ్చుకొని తల ఊపుకుంటా పోతాండావే, నిన్నే. ఆ పుల్లలు పీకి కాసేపు జేబులో వేసుకో. నువ్వు వినే పాటలో విద్య ఎంత, వేషం ఎంత అని ఎవరైనా అడిగితే నీ దగ్గర జవాబు లేదని నాకు తెలుసు. ఉన్నా అది నీది కాదు, నీ ఫోను నీకు చెప్పింది. కాబట్టి కూర్చో. నీకన్నా పెద్ద రసికులు ఎట్లా మట్టి కరిచారో చెబుతాను.

చండమార్తాండుడు హంద్రీనదిని ఇసుకచారగా మార్చి, నల్లరేగడి నేలను బీటలు బీటలుగా చీల్చి, ఎనుముల కొమ్ములను సైతం కాగబెట్టి, కరెంటు స్తంభం నీడలో నలుగురు పెద్దమనుషులను వరుసగా నిలబెట్టిన ఫాల్గుణమాసాంతమున, ఉగాదికి శ్రీశైల మల్లన్నను సేవింపబోవు భక్తజనసందోహముతో బాటలన్నీ క్రిక్కిరిసియుండ, ఆలూరు పట్టణమందు మా ఇంటి మిద్దెపైన, సాయంకాలం ఐదు గంటల వేళ, మూడు లోకాలు కాకపోయినా మూడు వీధులైనా దద్దరిల్లేటట్లు ఒక ఘోరసంగ్రామం జరిగింది.

కారణం అల్పమని నవ్వవద్దు. మరునాడు తెల్లవారగానే మా వంశమంతా బాడుగజీపులో శ్రీశైలం పోవలె. రథసారథి ఏసేపు ముందుగానే వచ్చి జీపును మా వాకిట్లో నిలబెట్టాడు. దారి ఏడు గంటలు. జీపులో పాటలపెట్టె ఒక్కటే. ఆ ఏడు గంటలూ ఎవరి పాట మోగవలె? ఇదీ తగవు. దిగి నడిచి పోదామంటే నల్లమల అడవి ఉంది, పులులున్నాయి. అయినా ఆ పాటలు విన్నాక పులే నయమని తోచేది.

ప్రథమవీరుడు నా మేనల్లుడు రాజశేఖరుడు. కర్నూలులో ఇంజనీరింగు చదువుతూ, చదువు నిలవని చోటంతా హెవీ మెటల్ నింపుకొన్న లోహసంగీతోపాసకుడు. నలభై డిగ్రీల ఎండలోనూ నల్లచొక్కా విడువని వ్రతధారి. కపాలాంకితవక్షుడు, స్కంధచుంబితకేశుడు, శిరోధూననవిద్యాపారంగతుడు. పాట మొదలైతే తలను ముందుకూ వెనక్కూ కొట్టుకొనును. మా అక్క మొదటిసారి చూసినప్పుడు, పిల్లవాడికి ఏదో సోకిందని దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. దాని తాడు నల్లగా ఉండటంతో వాడు మహదానందపడి ఇంతవరకు విప్పలేదు.

ప్రతివీరురాలు నా తమ్ముడి కూతురు శివాని, ఇంటరు మొదటి సంవత్సరం. పుస్తకాల అట్టలమీద, అద్దంమీద, బీరువా తలుపుమీద ఏడుగురు పిల్లకాయల బొమ్మలు ప్రతిష్ఠించి త్రికాలములందు దర్శించు భక్తురాలు. ఆ ఏడుగురు ఏడు రంగుల కేశకలాపులు, నవనీతకపోలులు, మీసమెరుగని ముఖారవిందులు. వాళ్ళు పాడేది ఏ భాషో ఆమెకు తెలియదు, ఎవరు ఏ తేదీన పుట్టారో మాత్రం తెలుసు. ఒక్కొక్కరి పుట్టినరోజుకు మా ఇంట్లో పాయసం కాగుతుంది. ఏడింటికీ తిన్నాను గనుక ఆ విషయంలో నేను ఆ బృందాన్ని ఏమీ అనను.

మూడో పక్షం నేను. పోయినేడు శ్రీరామనవమినాడు నా కంఠముతో రికార్డు చేయించిన భజన నాలుగు గంటలది ఒకటి నా జేబులో పెన్ డ్రైవులో ఉంది. పిల్లలిద్దరినీ ఓడగొట్టించి, ఆ భజనను జీపు సింహాసనం మీద కూర్చోబెట్టడమే నా రహస్యసంకల్పం.

ముందు వాగ్యుద్ధం. రాజశేఖరుడు మిద్దె పిట్టగోడమీద ఒక కాలు మోపి, కేశపాశమును వెనక్కి విసిరి, సముద్రమును శాసించువానివలె చేయి చాచి పలికెను:

“మా డ్రమ్ములు వాయించేటోడు రెండు కాళ్ళూ రెండు చేతులూ నాలుగు దిక్కులకు నడిపిస్తాడు. గిటారు మీద ఏళ్ళు ఎట్ల ఉరుకుతాయో కంటికే ఆనవు. ఒక్క పాటలో తాళం ఐదుసార్లు మారతాది. మీ ఏడుమందిలో వాయించేటోడు ఒక్కడుండాడా? చేతిలో దువ్వెన తప్ప ఏముండాది వాళ్ళకి? గొంతు గూడా కంప్యూటరే సరిచేస్తాది.”

శివాని ఆరేసిన బట్టలు మడుస్తూనే, తల ఎత్తకుండా బాణం వదిలింది:

“మావోళ్ళు గంతులేస్తానే మూడు గంటలు పాడతారు, ఊపిరి తప్పదు. మీవోడు పాడతాండాడో, బోరుమోటరులో చెయ్యి ఇరుక్కొని అరస్తాండాడో ఎవురికి తెలుసు? వాడు శ్రుతి తప్పితే నువ్వెట్ల కనుక్కుంటావు బావా?”

ఆ బాణం కపాలచిహ్నము నడుమ దిగబడింది. వీరుడు లోహసంగీతంలో శ్రుతి అనేది వేరే రకంగా ఉంటుందని, దాన్ని గ్రహించడానికి సంస్కారం కావాలని ఏదో గొణిగాడు. ఆ సంస్కారం అంగట్లో కిలో ఎంతకు దొరుకుతుందని శివాని అడిగింది. ఇట్లా వదిలితే తెల్లవారినా తెమలదని నేను నడుమ దూకి, ఆ బ్యాండులవాళ్ళు సముద్రాలకవతల ఉన్నారు, వాళ్ళను కొలవలేము, వాళ్ళను పొగిడేవాళ్ళను కొలుద్దాం, నిజంగా పాట ఒంటబట్టినవాళ్ళకు కాలిలో తాళం ఉంటుంది కదా అని తీర్మానించాను. ఇద్దరూ సరేనన్నారు.

న్యాయాధిపతిగా తిమ్మన్నగురువును రప్పించాను. పక్కపల్లెలో చెక్కభజన నేర్పే మహానుభావుడు. డెబ్బైయేండ్లవాడు, మితభాషి. ఎంత పెద్ద ప్రశ్నకైనా తల ఊపడమే ఆయన జవాబు. వెంట భార్య మహాదేవమ్మ వచ్చింది. భజనలో ఆయన పరీక్ష ఒకటి ఆ చుట్టుపక్కల పేరుమోసింది. చెక్కలు వాయిస్తూ అడుగులు వేస్తున్న శిష్యుల ముందు గురువు చెయ్యి పైకెత్తుతాడు. పాట ఆగిపోతుంది, అడుగులు ఆగకూడదు. కాసేపటికి చెయ్యి దించుతాడు. పాట తిరిగి మొదలవుతుంది. అప్పటికి ఎవరి అడుగు తాళం తప్పి ఉంటే వాడు అక్కడే గజ్జెలు విప్పి గురువు కాళ్ళదగ్గర పెట్టి తప్పుకోవాలి. ఎదురు చెప్పడం లేదు. మా పిల్లలిద్దరికీ, ఎవరి పాటకు వాళ్ళు అడుగు వేసేటట్లు, ఆ పరీక్షే పెట్టించాను.

యుద్ధానికి ముందు నేను గురువును పిట్టగోడ దగ్గరకు పిలుచుకుపోయి, చెవిదగ్గర నోరు పెట్టి, నా కుట్రనంతా సాంగోపాంగముగా విన్నవించాను. ఇద్దరి కాళ్ళూ తప్పినవని చెప్పు, అప్పుడు నా భజన మోగుతుంది, దానికి బదులుగా రేపు జీపులో నా ముందు సీటు నీది, మహాదేవమ్మను కూడా తీసుకురా, అని చెప్పి, కింద నిలిచిన జీపునూ ముందు సీటునూ వేలితో చూపించాను. ఆయన జీపువైపు చూశాడు, నావైపు చూశాడు, నా రెండు చేతులూ పట్టుకొని గంభీరంగా తల ఊపాడు. ఒప్పందం కుదిరింది.

గజ్జెలు బూట్లమీద కట్టరు గనుక ఇద్దరూ పాదరక్షలు విడిచారు. మా మిద్దెకు నల్ల కడపబండలు పరిచి ఉన్నాయి. పొద్దుటినుంచి ఎండను తాగి తాగి, ఐదు గంటలకు దాన్ని తిరిగి కక్కుతాయి. రోజూ అక్కడ బట్టలారేసే శివాని నీళ్ళట్యాంకు నీడ చూసుకొని అందులో నిలబడింది. హాస్టలులో మేజోళ్ళతో పడుకొనే రాజశేఖరుడు మాత్రం వీరుడికి తగిన చోటు రణరంగమధ్యమే అని ఎండ నడిబొడ్డులో నిలిచాడు.

నేను ఫోను పట్టుకొన్నాను. మొదట లోహసంగీతం. ప్రళయకాలజీమూతగర్జనసంకాశమైన డ్రమ్ముల మోత మిన్నుముట్టగా, పక్కింటి కోళ్ళు గంప కిందికి పరుగెత్తగా, కుడిచేత చెక్కలు ఝళిపిస్తూ, కాళ్ళ గజ్జెలు ఘల్లుమనగా, విరబోసిన జుట్టు ముఖమును కప్పినా లెక్కచేయక, మొదటి తాళం మారినా తొణకక, రెండో తాళం మారినా బెణకక, మూడోసారి మారినప్పుడు సైతం కాలు తప్పక అడుగు వేసిన ఆ లోహభక్తాగ్రగణ్యుడు, గురువు చెయ్యి పైకెత్తగా నేను శబ్దమును సున్నకు దించిన తరుణమున, చెవుల్లో మోత ఉన్నంతసేపు తెలియని సెగ ఒక్కసారిగా అరికాళ్ళకు తెలిసివచ్చి, ఎడమకాలు ఎత్తి దాన్ని దించకముందే కుడికాలు ఎత్తి, రెండూ ఎత్తి ఉంచే విద్య ఏ బ్యాండూ నేర్పలేదు గనుక పెనంమీది జొన్నపేలమువలె ఎగిరి ఎగిరి పడెను. గురువు చెయ్యి దించాడు. నేను శబ్దం పెంచాను. పాట ఎక్కడో ఉంది, వాడు పిట్టగోడమీద ఉన్నాడు.

తరువాత ఏడుగురి పాట. అది నాలుగేసి దెబ్బల లెక్క, మొదటినుంచి చివరిదాకా అదే. మా ఎనుముకు గజ్జెలు కట్టినా తప్పదు. గురువు చెయ్యి ఎత్తాడు, పాట ఆగింది, నీడలో చల్లగా ఉన్న శివాని పాదాలు గడియారంలాగా ఆడాయి. చెయ్యి దించాడు. పాట వచ్చి ఆ అడుగుకిందనే సర్దుకుంది.

నేను గురువువైపు కన్ను గీటాను. ఆయన కూడా చిరునవ్వు నవ్వాడు. తరువాత రాజశేఖరుడి గజ్జెలను చూపుడువేలితో తన కాళ్ళదగ్గరికి పిలిచి, శివాని తలమీద చెయ్యి పెట్టి తీర్పు చెప్పాడు:

“ఈ పాపది తప్పలే.”

లంచం తిన్న నోటితో న్యాయం చెప్పినవాణ్ణి నా జన్మలో మొదటిసారి చూశాను. రాజశేఖరుడు గజ్జెలు విప్పుతూ, బండ కాలిందని మనవి చేసుకోబోయాడు. గురువు వాడి నోటివైపు కూడా చూడలేదు. అంత సంగీతం నెత్తిన మోసేవాడికి కాలికింద బండ మీద ధ్యాస ఎందుకు పోయిందని శివాని అడిగింది. మా అక్క వెన్న తెచ్చి వాడి అరికాళ్ళకు రాసింది.

తెల్లవారి జీపు కదిలింది. మాట ఇచ్చాను గనుక ముందు సీటు తిమ్మన్నగురువుకు, ఆయన పక్కన మహాదేవమ్మకు వదిలి నేను వెనుకకు పోయాను. నవనీతకపోలులు ఏడుగురూ ఒకరి తరువాత ఒకరు, ఒక్కోసారి అందరూ కలిసి, మూలుగుతూ ముద్దు చేస్తూ మొదలుపెట్టారు. పత్తికొండ దాటేసరికి నాకు తలనొప్పి, కర్నూలు దాటేసరికి వాంతి వచ్చేటట్లయింది. విశేషమేమంటే, పాటలపెట్టె సరిగ్గా తిమ్మన్నగురువు మోకాళ్ళ ముందు మోగుతున్నది, ఆయన మాత్రం పసిబిడ్డలాగా నిద్రపోతున్నాడు. ద్రోహికి ఇంత నిద్ర ఎట్లా పడుతుందని ఆత్మకూరుదాకా పళ్ళు కొరుక్కున్నాను.

ఆత్మకూరులో టీకి దిగినప్పుడు మహాదేవమ్మను పక్కకు పిలిచి, మీ ఆయన మాటమీద నిలబడే మనిషి కాడని కోపంగా అన్నాను. ఆమె అటూ ఇటూ చూసి, గ్లాసు బల్లమీద పెట్టి, మెల్లగా చెప్పింది:

“ఎవురితో అనాకప్పా. ఆయప్పకు రెండు చెవులూ పోయి రెండేండ్లాయ. తెలిస్తే పిల్లోళ్ళు భజన ఇడిసిపెట్టి పోతారని చెప్పలే. కాళ్ళు చూసే నడిపిస్తాండాడు. నిన్న నువ్వు చెవికాడ ఏందో శానాసేపు చెప్పినావంట గదా. ఏం చెప్పినాడని సైగ చేసి అడిగితే, జీపు చూపించినాడు, శ్రీశైలానికి ముందు సీట్లో రమ్మంటాండాడు, దొడ్డ మనిషి అన్న్యాడు.”

వినుము. లోహమెక్కువా, ఏడుగురెక్కువా అన్న మహావివాదమును, రెండింటిలో ఒక్క ముక్కైనా వినని కర్ణములు ఈ విధముగా పరిష్కరించెను. శివాని ట్యాంకునీడతో జయించెను, రాజశేఖరుడు బండవేడికి ఓడెను, ఏ పక్షమునకూ చెందని తిమ్మన్నగురువు నోరు మెదపకనే ఏడు గంటల ముందు సీటు అను సామ్రాజ్యమును గెలిచి, కిటికీగాలికి మీసము ఊగుచుండ నిద్రపోయెను. లోకమంతటినీ ఆటపట్టించు నేను, వెనుక బల్లమీద, వెన్న పూసిన రెండు పాదములను ఒళ్ళో పెట్టుకొని శ్రీశైలము చేరితిని.