సాధారణ పౌరుడి తుపాకి

"నేను రాసిన చట్టం ముందు నేనూ సామాన్యుడినే. ఎవరి సిఫార్సూ లేకుండా, ఏ సాధారణ పౌరుడైనా కొన్నట్టే, సరిగ్గా ముప్పై రోజుల్లో నా తుపాకి నేను తెచ్చుకుంటాను."

హార్కర్స్ ఫెర్రీ అసెంబ్లీ సభ్యుడు లైల్ వాండర్‌మార్క్ గారు అక్టోబరు ఒకటో తేదీన తన ఆఫీసు మెట్ల మీద నిలబడి ఈ మాట అన్నప్పుడు విలేకరులు ముగ్గురున్నారు. ముగ్గురూ రాసుకున్నారు. ఆయన వెనకాల గొడుగు పట్టుకు నిల్చున్న వెర్నా ప్రూయిట్ మాత్రం మనసులో ఒక సొరుగును తలుచుకుంది. తొమ్మిదేళ్లుగా ఆయన ఆఫీసు నడిపే మనిషి ఆవిడే. ఆ సొరుగు సంగతి తర్వాత చెబుతాను. ముందు తుపాకి సంగతి.

ఆయన తుపాకి కావాలని కోరుకున్నవాడు కాదు. ఊరి పక్కనే నది. దానికి ఇవతల ఆయన ఊరున్న న్యూజెర్సీ రాష్ట్రం, అవతల పెన్సిల్వేనియా. మధ్య వంతెనకు కొత్త రంగు వేశారని సెప్టెంబరులో అవతలి ఒడ్డున అగ్నిమాపక దళం వాళ్ళు కోడి కాల్చి విందు పెట్టారు. ఈయన రిబ్బను కత్తిరించి, మర్యాద కోసం అయిదు డాలర్లు పెట్టి ఒక లాటరీ టికెట్టు కొన్నాడు. అక్కడ చందాలకు తుపాకి లాటరీ వేయడం మరోచోట కేకుల లాటరీ వేసినంత మామూలు. జీవితంలో ఒక్క లాటరీ కూడా తగలని మనిషికి ఆ రోజు షాట్‌గన్ తగిలింది.

వదులుకుంటే సరిపోయేది. కానీ ఎన్నికల్లో ఆయన మీద నిలబడ్డ ప్రత్యర్థి ఊరుకోలేదు. "ఆయన చట్టం ప్రకారం ఆయన్నే తెచ్చుకోమనండి, చూద్దాం" అని పేపర్లో అన్నాడు. నవంబరు మొదటివారంలో పోలింగు. జిల్లాలో వేటగాళ్ల ఓట్లు ఎనిమిది వేలు. తుపాకులంటే గిట్టని వాళ్ల ఓట్లు కూడా ఇంచుమించు అంతే. ఇద్దరినీ ఒక్క దెబ్బతో సంతోషపెట్టే మార్గం వాండర్‌మార్క్ గారికే తట్టింది. అంతటి మేధావి కాబట్టే నాలుగుసార్లు గెలిచాడు.

మర్నాడే కెమెరాలతో వంతెన దాటారు. అవతలికి వెళ్లేటప్పుడు టోలు కట్టాలి, ఇవతలికి వచ్చేటప్పుడు అక్కర్లేదు. లాటరీలో తగిలిన తుపాకిని అవతలి ఒడ్డున ఒక దుకాణంలో తీసుకోవాలి. మెర్ల్ గెర్‌హార్ట్ అనే ఆయన నడిపే ఆ దుకాణంలో తుపాకులు, మంచు బూట్లు, చేపల గాలాలు ఒకే కప్పు కింద ఉంటాయి. వీళ్ల ముందు ఒకాయన బూట్ల కోసం వచ్చి, డిస్కౌంటు చూసి ఒక షాట్‌గన్ కూడా తీసుకుంటున్నాడు. కాగితం నింపాడు, మెర్ల్ నేర రికార్డులు చూసే ఆఫీసుకు ఫోను చేశాడు, వాళ్లు సరే అన్నారు. ఆయన చేతిలో కాఫీ ఇంకా చల్లారలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, గుళ్లు ఏ వైపు నుంచి పెట్టాలని అడిగాడు.

తర్వాత వాండర్‌మార్క్ గారు కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి నవ్వాడు.

"సార్ ఇల్లెక్కడ?" అన్నాడు మెర్ల్.

"నది అవతల. కనబడుతుంది చూడు, ఆ తెల్ల చిమ్నీ."

"అయితే మీకు కుదరదు. మీ ఊరి పోలీసు చీఫ్ ఇచ్చిన కార్డు తెచ్చుకోండి. మావాళ్లకైతే ఇక్కడే ఇచ్చేస్తాను. మీవాళ్లకు ఇస్తే నా లైసెన్సు పోతుంది. ఎవరో మహానుభావుడు చట్టం రాశాడంట సార్, మీ దగ్గర."

వెర్నా నేల వైపు చూసింది. వాండర్‌మార్క్ గారు మాత్రం కెమెరాల వైపు తిరిగి, మన చట్టం నది దాటి కూడా పని చేస్తోందని, ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలని అన్నాడు. తిరుగు ప్రయాణంలో ఇవతలి ఒడ్డున పెట్రోలు పోయించుకున్నారు. న్యూజెర్సీలో పెట్రోలు కూడా ఎవరికి వారు పోసుకోవడానికి వీల్లేదు, బంకు మనిషే పోయాలి. పోసినంతసేపూ ఆయన కారు సీట్లోనే కూర్చుని, పౌరుల భద్రత గురించి వెర్నాకు చెబుతూనే ఉన్నాడు.

దరఖాస్తు వచ్చింది. వేలిముద్రలు ఇచ్చాడు. తనకు పిచ్చి లేదని నిర్ధారించుకోవడానికి అనుమతి ఇచ్చాడు. ఆఖరి పేజీలో ఒక అంశం ఉంది. దరఖాస్తుదారుడి నడత తెలిసిన ఇద్దరు పెద్దమనుషుల పేర్లు రాయాలి. బంధువులు పనికిరారు. పోలీసు చీఫ్ ఆ ఇద్దరికీ ఉత్తరం రాస్తాడు. ఈయన మీకు ఎన్నేళ్లుగా తెలుసు, ఈయన చేతికి తుపాకి ఇవ్వకూడని కారణం ఏమైనా మీకు తెలుసా అని అందులో ఉంటుంది. రెండు జవాబులూ వస్తే తప్ప ఫైలు కదలదు. ఆ అంశాన్ని చట్టంలో పెట్టించింది వాండర్‌మార్క్ గారే. అది పెట్టించిన రోజున ఆఫీసులో కేకు కోశారు.

ఇప్పుడు సొరుగు సంగతి. నియోజకవర్గంలో చాలామంది తమ దరఖాస్తుల్లో పెద్దమనిషిగా ఆయన పేరే రాసేవారు. అన్ని ఊళ్ల పోలీసుల దగ్గర నుంచీ ఉత్తరాలు ఆఫీసుకు వచ్చేవి. సంతకం పెడితే రేపు ఆ మనిషి ఏదైనా చేస్తే తన మీదకొస్తుంది. పెట్టనంటే ఓటు పోతుంది. అందుకని ఆయన ఒక సొరుగు ఏర్పాటు చేయించి, దానికి తనే చీటీ అతికించాడు: ఎన్నికల తర్వాత. అందులో నలభై ఒక్క ఉత్తరాలున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా అందులో పెట్టింది వెర్నా.

అందులో ఒకటి ఆర్లీన్ కుజ్మా గారిది. ఆర్లీన్ స్కూలు బస్సు నడుపుతుంది. ఊరి చివర తొమ్మిది మేకలు పెంచుకుంటోంది. పదకొండేళ్లుగా ప్రతి ఎన్నికలోనూ వాండర్‌మార్క్ గారి కరపత్రాలు ఇంటింటికీ పంచుతోంది. అభిమానం ఎంతంటే, మందలోని పోతుకు లైల్ అని ఆయన పేరే పెట్టుకుంది. వసంతంలో అడవి వైపు నుంచి కొయోటీలు రావడం మొదలుపెట్టాయి. నక్కకు ఎక్కువ, తోడేలుకు తక్కువ అయిన ఆ జంతువులు తెల్లారకముందే మేకల మీద పడేవి. కంచె వేసింది, లైట్లు పెట్టింది, పాకలో రేడియో వాగించింది. చివరికి మే నెలలో తుపాకికి దరఖాస్తు పెట్టుకుంది. తనకు తెలిసిన ఇద్దరు పెద్దమనుషుల్లో మొదటి పేరు లైల్ వాండర్‌మార్క్ అని రాసింది. రెండో పెద్దమనిషి వారంలో జవాబిచ్చాడు.

ప్రతి గురువారం బస్సు డిపోలో పెట్టేసి, ఆర్లీన్ ఆఫీసుకు వచ్చేది. చిన్న డబ్బాలో మేకపాల జున్ను తెచ్చి వెర్నా బల్ల మీద పెట్టేది.

"నా ఉత్తరం ఏమైందమ్మా?"

"పరిశీలనలో ఉందండీ."

"తొందరేం లేదులే. ఆయనకు వంద పనులుంటాయి. ఇంకోటి పోయిందమ్మా, మొన్న."

ఆర్లీన్ అలా అని వెళ్లిపోయాక వెర్నా ఆ డబ్బా మూత తీయకుండా పక్కన పెట్టేసేది. రెండుసార్లు ఉత్తరం బయటికి తీసి ఆయన బల్ల మీద పెట్టింది. రెండుసార్లూ ఆయన చిరునవ్వుతో చీటీ వైపు వేలు చూపించాడు. తనకు సిగ్గుగా ఉందని వెర్నా ఇంట్లో భర్తతో చెప్పింది. ఉద్యోగం మానేయమన్నాడాయన. ఆరోగ్య బీమా ఇద్దరికీ ఆ ఉద్యోగంలోంచే వస్తోందని ఆయనా గుర్తు తెచ్చుకున్నాక ఇద్దరూ వార్తలు చూశారు.

వాండర్‌మార్క్ గారు తన ఇద్దరు పెద్దమనుషులుగా చర్చి పాస్టరు పేరూ, పార్టీ కౌంటీ అధ్యక్షుడు హోబార్ట్ లూమిస్ పేరూ రాశాడు. పాస్టరు వచ్చే నెలలో రిటైరై ఫ్లోరిడా వెళ్లిపోతున్నాడు కాబట్టి వెంటనే సంతకం పెట్టేశాడు. లూమిస్ దగ్గర నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇరవయ్యో రోజున వెర్నా అక్కడి ఆఫీసుకు ఫోను చేస్తే, అవతలి గుమాస్తా చాలా మర్యాదగా, ఉత్తరం భద్రంగా ఉందనీ, అలాంటివన్నీ ఎన్నికల తర్వాత చూస్తారనీ చెప్పింది.

"వాళ్లకూ సొరుగుందా?" అన్నాడు వాండర్‌మార్క్ గారు. ఆ క్షణంలో ఆయన ముఖంలో నిజమైన బాధ కనబడింది.

పెద్దమనిషి పేరు మార్చి ఇంకొకరిది రాసుకోవచ్చన్నాడు ఊరి పోలీసు చీఫ్ టల్లీ. వాండర్‌మార్క్ గారు తన పళ్ల డాక్టరును అడిగాడు. డాక్టరు లాయరును అడగాలన్నాడు. మంగలిని అడిగితే తనకు సార్ జుట్టు గురించి తెలుసుగానీ నడత గురించి ఏం తెలుస్తుందన్నాడు. గోల్ఫు ఆడే స్నేహితుడు ఆ వారమంతా ఫోను ఎత్తలేదు. పద్దెనిమిదేళ్ల రాజకీయ జీవితంలో ఎన్ని వేలమందితో చెయ్యి కలిపాడో లెక్కలేదు. వాళ్లలో ఒక్కడు కూడా కాగితం మీద చెయ్యి పెట్టడం లేదు. ప్రత్యర్థి పేపర్లో రోజూ ఒక అంకె వేయిస్తున్నాడు. ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది.

ఇరవై తొమ్మిదో రోజు గురువారం. ఆర్లీన్ జున్ను డబ్బా పెట్టి, మేకలు నాలుగే మిగిలాయని చెప్పింది. లోపలి గదిలోంచి వాండర్‌మార్క్ గారి కేకలు వినబడుతున్నాయి. సంగతేమిటని ఆర్లీన్ అడిగితే వెర్నా చెప్పింది.

"అంతేనా? దానికి నేను పెడతాగా సంతకం. పదకొండేళ్ల బట్టి తెలుసు ఆయన. నా కాగితం ఆగితే ఆగింది, ఆయనదెందుకు ఆగాలి?"

అక్కడే నిలబడి, బస్సు తాళాలు పక్కన పెట్టి, కళ్లజోడు సర్దుకుని సంతకం చేసింది. ఇవ్వకూడని కారణం తెలుసా అన్నచోట పెద్ద అక్షరాలతో లేదు అని రాసింది. వాండర్‌మార్క్ గారు గదిలోంచి వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. మీలాంటివాళ్ల వల్లే ఈ దేశం నిలబడిందన్నాడు. తన ఉత్తరం మాట అడగడానికి అది సందర్భం కాదని ఆర్లీన్ అడగలేదు. ఆయన ఆవిడ చేతులు వదిలి గడియారం చూసుకున్నాడు.

ముప్పయ్యో రోజున కార్డు వచ్చింది. అదే రోజు టోలు కట్టి వంతెన దాటి తుపాకి తెచ్చాడు. చట్టం చెప్పిన రోజుకు చట్టం చెప్పినట్టు జరిగిందని మూడు పత్రికలూ రాశాయి. వేటగాళ్లు మెచ్చుకున్నారు, గిట్టనివాళ్లూ మెచ్చుకున్నారు. నాలుగు రోజుల తర్వాత ఆయన అయిదోసారి గెలిచాడు. తుపాకిని ఆఫీసు గోడకు గాజుపెట్టెలో పెట్టి, కింద ఇత్తడి ఫలకం వేయించారు: ఒక సాధారణ పౌరుడి తుపాకి.

ఇచ్చిన మాట తప్పే మనిషి కాదాయన. ఎన్నికల తర్వాత అన్నాడు కాబట్టి, మరుసటి సోమవారమే సొరుగు తెప్పించుకుని నలభై ఒక్క ఉత్తరాలూ స్వయంగా చూశాడు. చాలావాటికి తెలియదు అని రాశాడు. వెర్నా ఆర్లీన్ ఉత్తరాన్ని అన్నిటికన్నా పైన పెట్టింది.

"ఆర్లీన్ కుజ్మా ఎవరు?"

"మీకు సంతకం పెట్టిన ఆవిడ సార్. మేకలావిడ. పదకొండేళ్లుగా మన కరపత్రాలు పంచుతోంది."

ఆయన కళ్లు మూసుకుని నిజాయితీగా ప్రయత్నించాడు.

"మంచి మనిషే అయ్యుంటుంది. కానీ ముఖం గుర్తు రావట్లేదు వెర్నా. తెలియని మనిషి తెలుసని రాస్తే అది నేరం. ఆ సెక్షన్ నేనే రాశాను."

తెలియదు అని రాసి సంతకం పెట్టాడు. వెర్నా ఆ కాగితం తీసుకుని తన బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. కాగితాన్ని పోస్టు చేయడం ఆవిడ ఉద్యోగం, చేసింది.

వారం తిరక్కుండా చీఫ్ టల్లీ స్వయంగా వచ్చాడు. నెమ్మదైన మనిషి, ఏ పనీ ఫోను మీద చేయడు. బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పరిచాడు. వెర్నా కాఫీ పెట్టి, బయటికి వెళ్లకుండా గోడ పక్కనే నిలబడింది.

"ఒక చిక్కొచ్చింది సార్. మీకు పదకొండేళ్లుగా పరిచయం ఉందని ఈవిడ రాసింది. ఈవిడెవరో తెలియదని మీరు రాశారు. రెండింటి మీదా సంతకాలున్నాయి. అబద్ధం రాస్తే కార్డు రద్దు చేసి కేసు పెట్టమని మీ చట్టమే చెబుతోంది. ఏది అబద్ధమో మీరే చెప్పండి."

వెర్నా రెండు కాగితాల వైపూ చూసింది. ఆయన రాసింది అబద్ధమైతే గోడ మీది తుపాకి దిగాలి. ఆర్లీన్ రాసింది అబద్ధమైతే ఆవిడ మీద కేసు. మధ్యేమార్గం ఆవిడకు కనబడలేదు. తొమ్మిదేళ్లు పని చేసినా ఆవిడ రాజకీయ నాయకురాలు కాదు కదా.

వాండర్‌మార్క్ గారు రెండు కాగితాలూ చదివి, కాఫీ ఒక గుక్క తాగి, కప్పు కింద పెట్టాడు.

"రెండూ నిజమే చీఫ్. ఆవిడకు నేను తెలుసు. ఆవిడ నాకు తెలియదు. ప్రజాప్రతినిధి అంటే అదే కదా."

చీఫ్ జేబులోంచి చట్టం ప్రతి తీసి తిరగేశాడు. చట్టంలో ఎక్కడా దానికి అడ్డు కనబడలేదు. అదే మాటను ఫైల్లో రాసుకుని, చదివి వినిపించి, సంతకం చేయించుకుని వెళ్లిపోయాడు. ఆర్లీన్ దరఖాస్తు మాత్రం పెద్దమనిషి తెలియదన్నాడు కాబట్టి తిరస్కరణకు గురైంది. కావలిస్తే కొత్తది పెట్టుకోవచ్చు. ముప్పై రోజులు మళ్లీ మొదటి నుంచి.

గురువారం ఆర్లీన్ వచ్చింది. ఈసారి జున్ను లేదు. వెర్నా తన బల్ల మీది పెన్ను తీసింది.

"కొత్త కాగితంలో నా పేరు రాసుకోండి. ఉద్యోగం పోతే పోయింది. ఉత్తరం వచ్చిన రోజే జవాబు రాస్తాను. ఇంకా ఎన్ని మిగిలాయండీ?"

"ఒక్కటేనమ్మా. లైల్."

"అదొక్కటీ ఎలా బతికింది?"

ఆర్లీన్ గోడ మీది గాజుపెట్టె వైపు చూస్తూ చెప్పింది.

"కొయోటీలు వచ్చినప్పుడల్లా మిగతావాటిని ముందుకు తోసేసి, అది పాక పైకెక్కి నిలబడుతుందమ్మా."