పదమూడంగుళాల ఫ్యాను

ఆ శనివారం పొద్దున్న గోవిందరావు చేతిలో ఉన్నవి ఇవి: ఒక ఫైబర్ పడవ, దాని వెనక తగిలించిన సెకండ్ హ్యాండ్ ఇంజను, సముద్రానికి దగ్గర్లోని కొత్తరేవులో ఏడాదిపాటు జనాన్ని నాగావళి దాటించే హక్కు, పడవ నడపడం తెలిసిన బావమరిది గిరిబాబు. చేతిలోంచి అప్పటికే జారిపోయింది తాతల నాటి కిరాణా కొట్టు. రేవు వేలంలో పాట పాడడానికి డబ్బు కోసం దాన్ని తమ్ముడికి వదిలేశాడు. ఇప్పుడు తిరిగి వెళ్తే తమ్ముడు పక్కన స్టూలు వేస్తాడు తప్ప గల్లాపెట్టె ముందునుంచి లేవడు.

మర్నాడే పడవకు పరీక్ష. కొత్తరేవులో ఏ కొత్త పడవైనా మొదట అమ్మవారి ఘటాన్ని అవతలి ఒడ్డు మీది గద్దెకు చేర్చాలి. చేర్చిందా, ఊరంతా ఆ పడవే ఎక్కుతుంది. ఏటి నడుమ ఆగిందా, అది అమ్మవారికి గిట్టని పడవ. తర్వాత బంగారు తొడుగు వేయించినా అందులో కాలు పెట్టేవాడుండడు.

నీళ్ళలో తిరిగి పడవను ముందుకు తోసే రెక్కల చక్రాన్ని అక్కడ ఫ్యాను అంటారు. ఇంజనుతో పాటు వచ్చిన పాత ఫ్యాను ఎంత బరువైనా లాగేది, కానీ తీరిగ్గా లాగేది. ఎగువన వంతెన మీద ఆటోలు తిరుగుతున్నాయి. "ఆటో కన్నా ముందు దించకపోతే మన పడవెవడెక్కుతాడు?" అని గోవిందరావు కొత్త ఫ్యాను కోసం శ్రీకాకుళంలో చంద్రమౌళి కొట్టుకు వెళ్ళాడు.

చంద్రమౌళి మూడు ఫ్యాన్లు బల్ల మీద పెట్టాడు. "ఇది ఒక్క సుట్టు తిరిగితే తొమ్మిదంగుళాలు ముందుకెళ్తాది. ఇది పదకొండు. ఇది పదమూడు. పడవలో ఎంతమందుంటారండి?"

గోవిందరావుది వ్యాపారుల వంశం. కొనేవాడు తన అవసరం బయటపెడితే అమ్మేవాడు ధర పెంచుతాడని ఉగ్గుపాలతోనే నేర్చుకున్నాడు. పెళ్ళి లడ్డూలకు పంచదార కొంటూ చీమలకు వేయడానికని చెప్పిన తండ్రికి పుట్టాడు.

"ఎవరుంటారు బాబూ, ఖాళీ పడవే. సరదాకి ఒకరిద్దరం తిరుగుతాం, అంతే."

"అయితే పదమూడు పట్టికెళ్ళండి. బాణంలా పోతాది."

"ధరలో తేడా ఏటి?"

"మూడింటికీ ఒకటే ధరండి."

ఒకే ధరకు పదమూడంగుళాలు వస్తుంటే తొమ్మిది కొనేవాడు వ్యాపారి కాడు. మిగతా రెండు ఫ్యాన్లనూ కొనబోయే అమాయకుల మీద జాలిపడుతూ గోవిందరావు బస్సెక్కాడు.

సాయంత్రం బావా బావమరదులు ఇద్దరూ పడవ నడిపి చూశారు. చంద్రమౌళి అబద్ధమాడలేదు. ఒడ్డున నిలబడిన ఊరిపెద్ద ఎర్రన్న నోరు తెరిచాడు. "దీని దుంపతెగ! కొంగలాగెగురుతున్నాదేటి!"

ఆ మాటతో గోవిందరావుకు పెట్రోలు ఆదా చేసే ఆలోచన వచ్చింది. "ఎర్రన్న మావా, రేపు రెండు విడతలేల? ఘటం, డప్పులు, వంట బియ్యం, పెద్దలు, అందరినీ ఒక్క విడతలో దించీనా?"

ఇంటికి వెళ్ళాక భార్య కన్యకాపరమేశ్వరి అడిగింది. "పన్నెండుమందిని ఎక్కిస్తన్నామని ఆ కొట్టాయనకి సెప్పేరా?"

"సెప్తే ధర పెంచీడా?"

"మీరు డాక్టరుకాడికెళ్ళినా నొప్పెక్కడో సెప్పరు," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం పన్నెండుమందీ ఎక్కారు. ఘటం ఎత్తుకున్న తవిటమ్మ మధ్యలో కూర్చుంది. నాలుగు బియ్యం బస్తాలు ఆమె ముందు సర్దారు. డప్పులు మోగాయి. గిరిబాబు ఇంజను తాడు లాగాడు. ఇంజను గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టు మూలిగి నల్లటి పొగ కక్కింది. పడవ వెనకభాగం నీళ్ళలోకి కుంగి, ముక్కు ఆకాశంలోకి లేచి, కదిలీ కదలనట్టు కదిలింది. ఏటి నడుమకు వచ్చేసరికి ఆటు మొదలై నీళ్ళు సముద్రం వైపు తీస్తున్నాయి. ముందుకు ఒక బార వెళ్తే పక్కకు రెండు బారలు జారుతోంది.

"ఏటి షావుకారూ," అన్నాడు ఎర్రన్న, "గద్దె అటున్నాది, మనమిటెల్తన్నాం?"

"లోతు సూసుకుని సుట్టు తిరిగెల్తన్నాం మావా."

గిరిబాబు బావ చెవిలో గొణిగాడు. "బావా, ఇంజను తిరగలేకపోతన్నాది. బరువు తగ్గించాల."

గోవిందరావు పడవలో ఉన్నవాటికి కిలోల లెక్కన విలువ కట్టాడు. బియ్యం మేలురకం. పెద్దలు వచ్చే ఏడాది పాటకు పనికొస్తారు. అమ్మవారు లెక్కకు అందదు. అన్నిట్లోకీ చవకైనది తన కాళ్ళ దగ్గరే ఉన్న పాత ఇనుము. ఎవరూ చూడకుండా దాన్ని నీళ్ళలోకి వదిలేశాడు.

ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"బావా, లంగరెయ్యి! సముద్రంలోకి పోతన్నాం!"

"యేసీసినాను."

"మరి పడవాగదేటి? తాడు కట్టినావా?"

"తాడు కూడా యేసీసినాను."

గిరిబాబు బావ ముఖం కేసి చూసి, అక్క ఏం చూసి ఇతన్ని కట్టుకుందా అన్నట్టు నిట్టూర్చాడు. గోవిందరావు చంద్రమౌళికి ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

"పడవలో ఎంతమందండి?"

పన్నెండు జతల కళ్ళు చూస్తున్నాయి. అయినా నోరు అలవాటు మానలేదు. "ఒకరిద్దరం."

"మరి ఆ డప్పులేటండి?"

గోవిందరావు బుద్ధెరిగాక మొట్టమొదటిసారి అమ్మేవాడికి నిజం చెప్పాడు. "పన్నెండుమంది. నాలుగు బస్తాలు. అమ్మోరు."

"ఓలమ్మో! దానికి తొమ్మిది కదండీ పెట్టాల! నెత్తిన బస్తా ఉన్నోడు సిన్న సిన్న అంగలేస్తాడు గాని, గెంతుతాడేటండి?"

"మార్సి ఇస్తావా?"

"నీళ్ళలో దింపింది ఎనక్కి తీసుకోమండి."

ఎదురుగా సముద్రపు నురగ తెల్లగా కనిపిస్తోంది. దాని వెనకే తమ్ముడు వేయబోయే స్టూలు కూడా గోవిందరావుకు కనిపించింది. మొక్కుకుందామని చేతులు జోడించి, ఎంతకు మొదలుపెట్టాలో తేల్చుకోలేక ఆగాడు. అంతలో పడవ ధడాలున ఇసుక దిబ్బను గుద్దుకుని ఆగింది.

ఏటి నడుమ ఆగింది.

డప్పులు ఆగాయి. గోవిందరావు తల పట్టుకున్నాడు. ఎర్రన్న తీర్పు చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. ఈలోగా తవిటమ్మ లేచింది. పొద్దుటినుంచి ఉపవాసం, పైన ఎండ, మెడ పట్టేసి ఉంది. మోకాలి లోతు నీళ్ళలోకి దిగి నడిచి, దిబ్బ మీద ఘటాన్ని దించేసింది.

"అమ్మ ఇక్కడే దిగుతానంది."

"గద్దె అటుంటే ఇక్కడేల దిగుతాదే?" అన్నాడు ఎర్రన్న.

"నీకు సెప్పి దిగాలేటి?"

ఎర్రన్న చప్పున ఇసుక తీసి కళ్ళకద్దుకున్నాడు. డప్పులు మళ్ళీ మోగాయి. సాయంత్రానికి ఊరు ఊరంతా చేపల తెప్పల మీద ఆ దిబ్బకు వచ్చి, అక్కడే వండుకు తింది.

గోవిందరావుకు పోయిన ప్రాణం వచ్చింది. అమ్మవారు తనకు నచ్చిన చోటికి తోలించుకున్న పడవంటే మాటలా! ఆ రాత్రి మనసులోనే టిక్కెట్టు ధర పెంచాడు. మర్నాడు వెళ్ళి, అడక్కుండానే అందరి బరువులూ చెప్పి, తొమ్మిదంగుళాల ఫ్యాను కొన్నాడు. అది బిగించాక పడవ నిండా జనంతో కూడా చక్కగా నడిచింది.

జనానికీ లోటు లేదు. పడవకు పసుపు రాసి, చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కారు. అవతల దిగి, పడవకు దండం పెట్టి, చక్కా పోయారు.

"టిక్కెట్టో?" అని గోవిందరావు అరిచాడు.

ఎర్రన్న చెంపలు వేసుకున్నాడు. "అమ్మోరి పడవకి టిక్కెట్టేటి షావుకారూ! కళ్ళు పోతాయి."

"మరి పెట్రోలు?"

"అందరికీ దొరుకుతాదేటి ఆ బాగ్గెం? నువ్వే పోయించుకో."

పాట పాడాక ఏడాది నిండేదాకా పడవ ఆపడానికి వీల్లేదు. ఏడాది నిండిన రోజున దిబ్బ మీద జాతర చేసి, పెద్దలు పడవ యజమానికి మర్యాదగా మొదటి కొబ్బరికాయ కొట్టి రెండు చెక్కలూ చేతిలో పెట్టారు. నడిపినవాడికి సగం వాటా ఆ రేవు ఆచారం కాబట్టి ఒక చెక్క గిరిబాబు తీసుకున్నాడు. రెండోది గోవిందరావుకు ఆ ఏడాది నికర లాభం.