మామిడి బుట్టల్లో పోయిన మహానగరం

రచయితకు తాను రాసిన పుస్తకం పోగొట్టుకోవడాన్ని మించిన భాగ్యం లేదని నేను ఘంటాపథంగా చెబుతాను. నవ్వకండి! అనుభవం మీద చెబుతున్న మాట.

ఏప్రిల్ వచ్చిందంటే మా నూజివీడులో కాగితం బతికి బట్టకట్టదు. పాత పేపర్లు, అయిపోయిన పెళ్లిళ్ల శుభలేఖలు, అన్నీ మామిడి బుట్టల్లో కాయకీ కాయకీ మధ్య చేరి రైలెక్కుతాయి. మేష్టర్ల ఇళ్లలో అటకమీది ఆన్సర్ పేపర్లకైతే మరీ గిరాకీ. దీన్ని కొందరు పీడ అంటారు. నేను సాహిత్య సేవ అంటాను.

ఎందుకంటారా? నేను హైస్కూల్లో సోషల్ చెప్పే చలపతిరావుని. 1973లో మొదలుపెట్టి పదకొండేళ్లపాటు ‘వజ్రతోరణం’ అనే పురాతన మహానగరం చరిత్ర రాశాను. మ్యాపులో వెతక్కండి, అది రెండు చందమామలున్న లోకంలో ఉంది. తొమ్మిది రాజవంశాలు, పద్నాలుగు కోటగుమ్మాలు, ఒక్క మురుగు కాలవల మీదే ఏడు అధ్యాయాలు! మా ఆవిడ సౌభాగ్యలక్ష్మికి చదివి వినిపిస్తే మొదటి రాజుకి పట్టాభిషేకం కాకముందే నిద్రపోయేది. పాపం, ఇంటిపనితో అలసిపోతుంది, అంతే.

కాగితం కొనడం దండగని పిల్లల ఆన్సర్ పేపర్ల వెనక ఖాళీగా ఉన్న వైపున రాశాను. ఎవరైనా కాజేస్తారేమోనని ప్రతి పేజీ అడుగునా నా పేరు, చిరునామా వేసుకున్నాను. ముందుచూపంటే అదీ!

ఈ వేసవిలో మామిడి వర్తకుడు గంగాధరం గారు ఎప్పటిలాగే పాత పేపర్ల కోసం మనిషిని పంపారు. అటకమీద రెండు కట్టలున్నాయి. రెంటికీ ఒకటే నీలం టేపు, రెంటి మీదా పిల్లల రాతే పైకి కనిపిస్తోంది. “ఒక్కసారి విప్పి చూసుకోండి” అంది మా ఆవిడ. నా కట్ట నాకు తెలీదా అన్నాను. తెలీదు. వజ్రతోరణం నా చేతులమీదుగానే మామిడి బుట్టల్లోకి వెళ్లిపోయింది.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు జ్ఞానోదయమైంది. చరిత్ర మొత్తం అటకమీద భద్రంగా ఉంటే దాన్ని పోయిన నగరమని ఎవరంటారు? ఇక్కడో శాసనం ముక్క, అక్కడో కుండపెంకు దొరకాలి. పండితులు జుట్లు పట్టుకోవాలి. ఇప్పుడు నా నగరం నిఖార్సుగా పోయింది! ఒకటో వంశం హౌరాలో, మూడో వంశం పాట్నాలో, మురుగు కాలవలు ఢిల్లీలో. ఇన్ని రాష్ట్రాల్లో పంపిణీ అయిన తెలుగు పుస్తకం ఇంకోటి చూపించండి! రెడ్డిగూడెం మామిడి తోటలు కాసినంత కాలం మన సాహిత్యానికి ఢోకా లేదు.

ఇలా మనసు కుదుటపడుతుండగా ఖరగ్‌పూర్ నుంచి ఉత్తరం వచ్చింది. రైల్వే క్వార్టర్స్‌లో ఉండే భాగ్యవతి గారట, మన తెలుగావిడే. మామిడి బుట్టలో దొరికిన కాగితంలో ఓ నగరం కథ చదువుతూ పొయ్యిమీద కూర మాడ్చుకున్నారట. తర్వాత ఏమైందో రాయమని బతిమాలారు. పదకొండేళ్లలో తర్వాత ఏమైందని అడిగిన మొదటి మనిషి! మా ఆవిణ్ణి పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఉత్తరం ఆమె చేతిలో పెట్టాను.

మిగతాది ఆమే పైకి చదివింది. “వెనకవైపు మురుగు కాలవల గొడవ నాకు అర్థం కాలేదు, మన్నించండి. ముందువైపు, ఊరంతా వలసపోతుంటే ఆవు ఈనేదాకా కదలనని కూర్చున్న అమ్మాయి ఏమైందండీ? దానికి సున్నా వేసిన మేష్టారెవరో గానీ, బొత్తిగా హృదయం లేని మనిషి.”

ముందువైపు! మొహంజొదారో ఎలా నశించిందన్న ప్రశ్నకు పోయినేడు తొమ్మిదో తరగతి లలిత రాసిన జవాబది. పుస్తకంలో లేనిదంతా రాసిందని సున్నా చుట్టి, పక్కనే ఎర్ర సిరాతో ‘అంతా కల్పన’ అని రాశాను. ఎవరు? రెండు చందమామల చలపతిరావు! మా ఆవిడ ఉత్తరం మడిచి ఇచ్చింది. ఆ రోజు మాత్రం ఆమెకు నిద్ర రాలేదు.

జవాబు రాయకపోతే ఆ ఒక్క పాఠకురాలూ దక్కదు. సైకిలెక్కి ఆగిరిపల్లి వెళ్లాను. లలిత వాళ్ల నాన్న అక్కడ తోట కౌలుకు తీసుకున్నాడు. ఆ పిల్ల చెట్టుకింద బుట్టలో కాయలు సర్దుతోంది. ఆవు ఈనిందా, ఆ అమ్మాయి బయటపడిందా అని అడిగాను.

“నాకూ తెలీదండి మాస్టారూ. అంతలో బెల్లు కొట్టారు, మీరు పేపరు లాక్కున్నారు” అంది.

పండితులు వరదలంటారు, కరువంటారు. మొహంజొదారో ఎలా పోయిందో నాకిప్పుడు తెలిసింది. బెల్లు కొట్టగానే సోషల్ మేష్టారు వచ్చి లాక్కుపోయాడు.

సిగ్గేసింది. సంచిలోంచి రెండువైపులా తెల్లగా ఉన్న కొత్త కాగితాలు తీశాను. పొద్దున్నే కొన్నవి. ఖరగ్‌పూర్‌లో ఒకావిడ ఎదురుచూస్తోందని చెప్పి, మిగతా కథ రాయమన్నాను. లలిత చేతులు పావడాకు తుడుచుకుని కాగితాలు అందుకుంది. నావైపు అనుమానంగా చూసింది.

“ఎన్ని మార్కులకండీ?” అంది.

పాతికేళ్లుగా మార్కులు వేస్తున్నవాణ్ణి. పరీక్ష హాల్లో జవాబు రాని పిల్లలు దూలాలు లెక్కపెట్టినట్టు, మామిడి కొమ్మలు చూస్తూ నిలబడ్డాను.