ఎడమచెయ్యి చూడండి

ఆ రోజు ఉదయం పెట్టుకున్నది పావుగంట పని. ఎనిమిదిన్నరకి క్లినిక్, బుడంకాయ వేలి మీద చిన్న గుచ్చుడు, ఒక చుక్క రక్తం, తొమ్మిదికల్లా బడి. బడివాళ్ళు అడిగిన ఆరోగ్యపత్రంలో అన్ని గడులూ నిండాయి, రక్తపరీక్ష గడి ఒక్కటే ఖాళీ. మూడు వారాలుగా అది ఖాళీగా ఉండటానికి కారణం బుడంకాయే. ఆరేళ్ళ ఆ పిల్ల కిందటిసారి సూదిని చూసి బల్ల కిందికి దూరింది. బయటికి లాగబోయిన నర్సు మణికట్టు మీద ఆరు పళ్ళ గుర్తులు మిగిల్చి మరీ ఇంటికొచ్చింది.

"ఈసారి నేనూ వస్తాను," అన్నాడు తాతయ్య.

"నువ్వొచ్చి ఏం చేస్తావు నాన్నా?" అంది ఆయన కూతురు, పిల్లకి జడ వేస్తూ.

"నలభై ఏళ్ళు స్టేజీ మీద చేసిందే చేస్తాను. ఎడమచేత్తో నాణెం ఆడిస్తుంటే కుడిచేతి సంగతి ఎవరికీ పట్టదు. కదిలేదాని వెంటే చూపు పోతుంది. పైగా నేను ఎటు చూస్తే జనం అటే చూస్తారు. దీని చూపు నా దగ్గరున్నంతసేపు సూది ఎక్కడ గుచ్చినా దీనికి తెలీదు."

ఇంద్రజాలికుడిగా ఆయన స్టేజీ దిగి ఏడాదైంది. చేతిలోంచి నాణేలు జారిపోవడం మొదలయ్యాక, వయసు మీద పడిందని తనకు తానే తీర్పు చెప్పుకుని సామాను పెట్టె మూసేశాడు. ఇప్పుడు మిగిలిన ప్రేక్షకురాలు మనవరాలొక్కతే. రోజూ సాయంత్రం దాని చెవి వెనకనుంచి చాక్లెట్లు తీస్తాడు. దానికొకటి, తనకు మూడు. ఆటలో తనకు సహాయకురాలిగా చేర్చుకుని దానికొక నియమం కూడా నేర్పాడు. గారడీవాడి పక్కన నిలబడ్డవాళ్ళు ఏం చూసినా పైకి చెప్పకూడదు. ఆ నియమాన్ని బుడంకాయ పళ్ళు తోముకోవడం కన్నా చాలా శ్రద్ధగా పాటించేది.

క్లినిక్‌లో నర్సు మణికట్టు వెనక్కి పెట్టుకుని రెండడుగుల దూరంలోనే ఆగింది. తాతయ్య మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, దాని కుడిచేతిని తన కుడిచేత్తో పట్టుకుని బల్ల మీద పెట్టి, పైన ఎర్ర పట్టుగుడ్డ కప్పాడు. "వేలు ఈ అంచు దగ్గరుంటుంది, నేను మాట్లాడుతుండగా కానిచ్చెయ్యండి," అని నర్సుకి మెల్లగా చెప్పాడు. ఆ తర్వాత గొంతు మార్చాడు.

"ఇక అందరూ ఎడమచెయ్యి చూడండి."

అందరూ చూశారు. నాణెం వేళ్ళ మీదుగా నడిచింది, ఒకచోట జారబోయి నిలదొక్కుకుంది, మాయమైంది, నర్సు జేబులోంచి బయటికొచ్చింది. ఆవిడ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. చూపు తిప్పకుండానే పట్టుగుడ్డ అంచున చేతికి తగిలిన వేలిని తుడిచింది, గుచ్చింది, చుక్కను మిషన్ పట్టీకి అద్దింది. ఇరవై ఏళ్ళ సర్వీసు మరి, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

"అయిపోయింది," అంది నర్సు.

బుడంకాయ కిక్కురుమనలేదు. పైగా తాతయ్యను చూసి ఒక కన్ను మూసింది. పిల్ల ధైర్యానికి ఆయన ఛాతీ రెండంగుళాలు పొంగింది.

నర్సు మిషన్ చూసింది, ఒకసారి విదిలించి మళ్ళీ చూసింది, లోపలికి వెళ్ళింది. రెండు నిమిషాల్లో డాక్టరమ్మ బయటికొచ్చి, "భయపడకండి," అంది. అప్పటిదాకా ఎవరూ భయపడలేదు.

"పాపకి షుగర్ మూడువందల ఎనభై ఆరు చూపిస్తోంది. నీళ్ళు ఎక్కువ తాగుతుందా?"

"బడికి నిండు సీసా పట్టుకెళ్తుంది, ఖాళీ సీసా తెస్తుంది," అంది తల్లి, ముఖం పాలిపోయి. ఆ నీళ్ళన్నీ తరగతి కిటికీలోని మొక్కకు పోతున్నాయేమోనని బుడంకాయని ఎవరూ అడగలేదు.

"రాత్రిళ్ళు లేస్తుందా?"

"నిన్న రెండుసార్లు లేచిందండీ."

"నేను నాలుగుసార్లు లేస్తాను," అన్నాడు తాతయ్య ఆదుర్దాగా. "దానిది నా పోలికేనేమో."

"నీరసంగా ఉంటుందా?"

"పొద్దున్న ఎంత లేపినా లేవదు."

"నాకూ అంతే డాక్టరమ్మా, మెట్లెక్కితే చాలు..."

"నాన్నా, నువ్వు కాసేపు ఊరుకో," అంది కూతురు. డాక్టరమ్మ అన్నీ రాసుకుంది. రాసేకొద్దీ ఆవిడ ముఖం బిగుసుకుంది. "చిన్నపిల్లల్లో ఇది ఆలస్యం చెయ్యకూడదు. మిగతా పరీక్షలన్నీ పెద్దాసుపత్రిలోనే చేయిద్దాం. అంబులెన్సుకి చెబుతున్నాను."

కూతురు తన భర్తకి ఫోన్ చేసి "ఏవండీ, పాపకి..." అని ఏడ్చేసింది. బల్ల కింద బూట్లు విప్పుకుని పని చేసుకునే అలవాటున్న ఆయన, మేజోళ్ళతోనే ఆఫీసులోంచి పరుగెత్తాడు. పరుగెత్తుతూ అక్కగారికి ఫోన్ చేశాడు. ఆవిడ బడికి చేసింది. పది నిమిషాల్లో బడివాళ్ళు క్లినిక్‌కే ఫోన్ చేసి, పిల్లలు త్వరగా కోలుకోమని కార్డు తయారుచేస్తున్నారు, ఏ వార్డుకి పంపమంటారని అడిగారు. నర్సు చక్రాల కుర్చీ తెచ్చింది. బుడంకాయ అందులో ఎక్కి, ఒకసారి గుండ్రంగా తిప్పమంది.

"ఇంట్లో తీపి ఎక్కువ పెడుతున్నారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"అస్సలు పెట్టమండీ."

తాతయ్య కూతురి వైపు తిరిగాడు. "అమ్మా," అన్నాడు. "రోజూ దాని చెవిలోంచి చాక్లెట్ తీసి పెడుతున్నాను. ఏడాదిగా."

కూతురు కసిరినా బాగుండేది. చాలా నెమ్మదిగా అంది: "నువ్వు నా ఎదురుగానే పెడుతుంటే, నేను నీ నాణెం చూస్తూ కూర్చున్నానా నాన్నా?"

బంగారంలాంటి పిల్లని తన చేతులారా ఈ గతికి తెచ్చుకున్నాననిపించింది ఆయనకి. గోడ పక్కనున్న చెత్తబుట్ట దగ్గరికెళ్ళి పట్టుగుడ్డా నాణెమూ అందులో పడేశాడు. "ఇక ఈ చేతులతో ఏ ఆటా ఆడను," అన్నాడు.

బుడంకాయ కుర్చీలోంచి దూకింది. "పారెయ్యకు తాతయ్యా. నేను చెప్పేస్తాను."

"ఏం చెప్తావు తల్లీ?"

"నియమం తప్పినందుకు తిట్టకూడదు మరి. సూది నాకు గుచ్చలేదు. నేను చెయ్యి లాగేసుకున్నాను. నర్సక్క నీ వేలికి గుచ్చింది. నా బదులు నువ్వే గుచ్చించుకున్నావు కదా, నవ్వుతూనే ఉన్నావు కూడా. ఎవరికీ చెప్పకూడదని ఊరుకున్నాను."

ముందుగా తేరుకున్నది తాతయ్యలోని కళాకారుడు. "అంటే నువ్వు ఎడమచెయ్యి చూడలేదా?"

"భయమేస్తుంటే ఎడమచెయ్యి ఎవరు చూస్తారు? సూదినే చూస్తారు."

నలభై ఏళ్ళలో ఈ ముక్క ఆయనకెవరూ చెప్పలేదు. డాక్టరమ్మ పిల్ల పది వేళ్ళూ తిప్పి చూసింది. రంగు పెన్సిళ్ళ మరకలున్నాయి, సూది గుర్తు లేదు. అప్పుడు గదిలోని చూపులన్నీ ఒక్కసారిగా తాతయ్య మీదికి మళ్ళాయి. ఆయన చేతులు వెనక్కి దాచుకున్నాడు. కూతురు వచ్చి కుడిచేతిని ముందుకు లాగింది. చూపుడువేలి కొనన ఎండిన రక్తపు చుక్క.

బుడంకాయ తన వేలు తానే చాపింది. సూది మీంచి చూపు తిప్పకుండా, కన్నీళ్ళు కారుస్తూ, ఎవరినీ కరవకుండా గుచ్చించుకుంది. తొంభై నాలుగు. తల్లి పిల్లని గుండెకి హత్తుకుని వదల్లేదు. తర్వాత తాతయ్యకి గుచ్చారు. మూడువందల తొంభై ఒకటి.

"ఇందాక గుచ్చినప్పుడు మీకు తెలియలేదా బాబాయిగారూ?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదమ్మా."

"వేళ్ళు మొద్దుబారి ఎన్నాళ్ళయింది?"

"ఏడాది పైనే. విద్య నన్ను వదిలేసిందనుకున్నాను."

"విద్య ఎక్కడికీ పోలేదు. షుగర్ మిమ్మల్ని పట్టుకుంది. మందులు సరిగ్గా వాడితే వేళ్ళు కొంతైనా తేరుకుంటాయి."

తాతయ్యకి కళ్ళు చెమర్చాయి. ఏడాదిగా మోస్తున్న దిగులు అంత చిన్న మాటతో దిగిపోతుందని ఆయన అనుకోలేదు.

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?" అంది కూతురు.

"పరీక్షలంటారని భయం. సూదంటే నాకూ పడదు. మీరెటు చూస్తారో తెలుసు కదా, రెండోవైపు దాచుకోవడం అలవాటైపోయింది."

ఆమె చెత్తబుట్టలోంచి పట్టుగుడ్డ తీసి దులిపి, దాంతోనే తండ్రి కళ్ళు తుడిచింది. "ఇకమీద నీ రెండు చేతులూ చూస్తాను," అంది. ఆ మాట అన్నాక తనూ ఏడ్చింది.

అదే సమయానికి మేజోళ్ళతో వచ్చిపడ్డ అల్లుడు, ఎవరేం చెబుతున్నా వినకుండా బుడంకాయని ఎత్తుకుని అంబులెన్సు ఎక్కించాడు. దాన్ని దింపి మామగారిని ఎక్కించడానికి ఇంకో ఐదు నిమిషాలు పట్టింది.

నర్సు పెద్దాసుపత్రికి పంపాల్సిన కాగితం అందుకుని, పేరు కొట్టేసి, వయసు దగ్గర ఆరు పక్కన ఎనిమిది వేసింది. మిగతాదేదీ దిద్దాల్సిన అవసరం రాలేదు.