ఏడాదికొక తూరి వచ్చే పక్షి

ఆదినారాయణ ఇంటికి కాకులు రాకపోవడానికి కారణం కోడలు చందన. పావురాల బెడదని మిద్దె మీద వల కట్టించింది. పోయినేడు ఆయన భార్య సావిత్రమ్మ సంవత్సరీకానికి కాకి పిండం ముట్టలేదు. పోయినావిడకు ఏదో కొరత ఉందని హిందూపురం బజారంతా అనుకుంది.

ఈ ఏడు తద్దినం ఆదివారం పడింది. ఆ పొద్దున్నే చందన తన బృందాన్ని చిలమత్తూరు దగ్గరి చెరువుకు పక్షులు చూపించడానికి తీసుకుపోవాలి. "ఆడ కాకులు దండిగా ఉండాయి, రాండి మామా" అంది. తెల్లవారకముందే అయ్యవారితో తంతు ముగించి, పిండం విస్తరాకులో కట్టుకుని ఆయన వ్యాను ఎక్కాడు. సంగతి ఎవరికీ చెప్పొద్దని కోడలి దగ్గర మాట తీసుకున్నాడు. కాకి ముట్టేదాకా ఆయన మెతుకు ముట్టడు.

చెరువు కింది పచ్చికలో తీతువులున్నాయి, నీళ్లలో బాతులున్నాయి, కొంగలకు లెక్కే లేదు. కాకి మాత్రం దూరంగా తుమ్మచెట్టు మీద ఒక్కటే ఉంది. బృందం బురదలోకి దిగాక ఆయన గట్టు మీది బండపై విస్తరి పరిచి, ఎడంగా గొంతుక్కూర్చున్నాడు. గొర్రెలొస్తే తోలాడు. కొంగ వస్తే రాయి విసిరాడు.

తిరిగొచ్చినవాళ్లకు అనుమానం తగిలింది. కొంగనే తరిమాడంటే, అంతకన్నా అరుదైనదేదో రావాలి. ఒకాయన పక్కన చేరి, "ఏం పక్షప్పా?" అని గుసగుసగా అడిగాడు.

"ఏడాదికొక తూరి రావల్ల. పోయినేడు రాలేదు."

ఆ మాట ఫోన్లలో పాకింది. పెనుకొండ నుంచి వ్యాను వచ్చింది. ధర్మవరం నుంచి కార్లు వచ్చాయి. గట్టు పొడవునా కెమెరాలు నిలబడ్డాయి. మాటిచ్చిన చందన పెదవి కొరుక్కుంటూ నిలబడింది. అంతమందిని చూసి కాకి కొమ్మ దిగలేదు. ఎండ నెత్తికెక్కింది.

ధర్మవరం కారులోంచి కెమెరాతో దిగినవాడు హనుమంతప్ప, సావిత్రమ్మ తమ్ముడు. ముందే బెంగుళూరు ఆసుపత్రికి తీసుకుపోయి ఉంటే అక్క బతికేదని కర్మనాడు అందరి ముందూ అన్నవాడు. ఆనాటి నుంచి బావతో మాటల్లేవు. హనుమంతప్ప విస్తరిని చూశాడు. అది ఏ రోజో గుర్తొచ్చింది. చెప్పులు విడిచి తుమ్మచెట్టు వైపు చేతులు జోడించాడు.

"అక్కా, నీ కొరత నేనేనేమో. బావ నాతో మాట్లాడడు గదా."

కెమెరాలు ఒక్కొక్కటే దిగాయి. అందరూ ఆదినారాయణనే చూస్తున్నారు. ఆయన మొహం తిప్పకుండానే అన్నాడు.

"మాట్లాడతాలేబ్బా. ముందు తినమను."

కాకి దిగింది. నింపాదిగా తిని, ముక్కు బండకు తుడుచుకుని పోయింది. అంతదూరం వచ్చినవాళ్లలో ఒక్కరూ ఫొటో తీయలేదు.

ఇంటికి రాగానే ఆదినారాయణ మిద్దె ఎక్కి వల తానే కోసేశాడు. చందన ఆ ముక్కలు చుట్టి పక్కన పెట్టింది. పంక్తిలో పక్కన కూర్చున్న హనుమంతప్ప, "బావా, ఆ పొద్దు నేనన్నది..." అని మొదలుపెట్టాడు.

"పప్పేసుకో. ఆ మాట ఇంగ నా దగ్గర ఎప్పుడూ ఎత్తద్దు."

మాట్లాడతానన్నాడు కాబట్టి, మాట్లాడాడు.